పేజీ మధ్యలో గీత: ఆంత్రోపాలజీ మొదటి కోర్సులో నా పదిహేను వారాలు

జనవరి 9న మొదటి క్లాసు, ఏప్రిల్ 24న చివరిది, మార్కులు వచ్చింది మే 6న. ఆంత్రోపాలజీలో, అంటే మనుషుల సమాజాలనీ సంస్కృతులనీ చదివే శాస్త్రంలో, పరిచయ కోర్సు ఇది, ఆ సబ్జెక్టు ముఖం ఎప్పుడూ చూడనివాళ్లు కూడా చేరొచ్చు. పగలు ఉద్యోగం, వారానికి రెండు సాయంత్రాలు వీడియో క్లాసు, మిగతా సాయంత్రాలు చదువు. చేరేముందు చాలా వెతికాను. సిలబస్‌లు దొరికాయి, పుస్తకాల పేర్లు దొరికాయి. అందులో కూర్చున్నవాళ్లకి ఏమవుతుందో చెప్పేవి మాత్రం దొరకలేదు. నాలా వెతికేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ప్రపంచంలో రకరకాల జనం ఎలా బతుకుతారో తెలుసుకోవాలన్న ఆశతోనే చేరాను. వారానికో తెగ, వారానికో ఖండం తిప్పి చూపిస్తారనుకున్నాను. అలా జరగలేదు. మొదటి రెండు వారాలు దాదాపు మా గురించే మాట్లాడుకున్నాం. ఎదుటివాళ్ల పద్ధతిని మన కొలతతో కొలవడం మనకే తెలియకుండా ఎంత సులువుగా జరిగిపోతుందో చూపించారు. ఇందుకోసం 1956లో వచ్చిన ఒక చిన్న వ్యాసం చదివిస్తారు. ఒక జాతి జనం తమ ఒంటికీ నోటికీ చేసుకునే వింత క్రతువుల వర్ణన అది. ఆ జాతి ఎవరో ఇక్కడ చెప్పను. ముందే తెలిస్తే ఆ వ్యాసం మీ మీద పనిచేయదు. నేను చదువుతూ పేజీ అంచున "పాపం" అని రాసుకున్నాను. అసలు విషయం తెలిశాక కూడా ఆ మాట కొట్టేయలేదు, ఇప్పటికీ అలాగే ఉంది.

చదవాల్సింది వారానికి 60, 70 పేజీలు. పాఠ్యపుస్తకంలోని అధ్యాయం తేలిగ్గానే పోతుంది, దాంతోపాటు ఇచ్చే అసలు రచనల దగ్గరే ఆగిపోతాం. మొదటి నెలలో నాకు వారానికి పది గంటలు పట్టేది. 23 మందితో మొదలైన క్లాసు నాలుగో వారానికి 15 మందికి వచ్చింది. మానేసినవాళ్లు తెలివి తక్కువై మానలేదు, వాళ్లకి టైమ్ దొరకలేదంతే. చేరాలనుకునేవాళ్లు ముందు తమ సాయంత్రాల లెక్క చూసుకోవాలి.

ఆ చదువులోనే నన్ను వదలనివి కొన్ని ఉన్నాయి. లారా బోహనన్ అనే ఆంత్రోపాలజిస్టు నైజీరియాలో తివ్ అనే జాతి పెద్దలకు షేక్‌స్పియర్ నాటకం హామ్లెట్ కథ చెబుతుంది. గొప్ప విషాదం ఎక్కడైనా ఒకేలా అర్థమవుతుందని ఆమె నమ్మకం. మొదట్లోనే కథ అడ్డం తిరుగుతుంది. అన్న పోతే తమ్ముడు వదినను చేసుకోవడం మంచి పనే కదా, ఇందులో కొడుకు బాధపడటానికి ఏముంది అంటారు పెద్దలు. చనిపోయిన రాజు దయ్యంగా వచ్చాడంటే అసలే ఒప్పుకోరు, అది ఎవరో మంత్రగాడు పంపిన శకునమై ఉంటుందంటారు. చివరికి వాళ్లే ఆమెకు కథను సరిచేసి చెబుతారు.

ఇంకొకటి రిచర్డ్ లీ అనే ఆంత్రోపాలజిస్టుది. ఆఫ్రికాలోని కలహారి ఎడారిలో వేటతో బతికే కుంగ్ జనంతో ఉన్నప్పుడు, క్రిస్మస్‌కి అందరికీ పెట్టడానికి ఆయన ఏరికోరి బాగా బలిసిన ఎద్దును కొంటాడు. చూసినవాళ్లంతా "ఇదేం ఎద్దు, ఎముకల గూడు" అని తీసిపారేస్తారు. ఆయన రోజుల తరబడి కుమిలిపోతాడు. కోశాక చూస్తే నిండా కొవ్వే. ఎవరైనా పెద్ద వేట తెచ్చినప్పుడు అతనికి గర్వం తలకెక్కకుండా ఆ మాంసాన్ని అందరూ అలాగే తక్కువ చేసి మాట్లాడతారని ఆయనకి అప్పుడు తెలుస్తుంది. ఆ రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. నేను ఎవరెవరికి ఏమేం ఇచ్చి, ఒక మంచి మాట కోసం ఎదురుచూశానో అన్నీ వరసగా గుర్తొచ్చాయి.

అసలు పరీక్ష జనవరి 30న మొదలైంది. ఏదైనా అందరూ వచ్చిపోయే చోట 45 నిమిషాలు కూర్చుని చూసింది రాయాలి. ఫోటోలు తీయకూడదు, ఎవరితోనూ మాట్లాడకూడదు, ఎవరినీ గుర్తుపట్టేలా రాయకూడదు. నేను రైల్వే స్టేషన్ వెయిటింగ్ హాల్ ఎంచుకున్నాను. చాలా ఇష్టంగా రాశాను, మూడు పేజీలు వచ్చింది. ఫిబ్రవరి 2న పంపాను. తొమ్మిది రోజుల తర్వాత, 11న తిరిగొచ్చింది. పదికి నాలుగున్నర. 31 చోట్ల ఎర్ర గీత.

ఒక వాక్యం చూపిస్తాను. నేను రాసింది: "ఒక పెద్దాయన విసుగ్గా వాచీ చూసుకుంటూ భార్య మీద చిరాకు పడ్డాడు." దాని పక్కన మా మేడమ్ రాసిన ప్రశ్నలు: "విసుగు ఎక్కడ కనిపించింది? భార్య అని ఎవరు చెప్పారు? చిరాకు మాటలోనా, చేతిలోనా, ముఖంలోనా?" ఒక్క వాక్యంలో మూడు సంగతులు నేనే కల్పించాను. కల్పిస్తున్నానని నాకు తెలియలేదు.

ఆ రోజు చాలా ఏడుపొచ్చింది. మార్కుల గురించి కాదు. మనుషుల్ని బాగా గమనిస్తానని నా గురించి నేను ఎప్పటినుంచో అనుకుంటున్నాను, నాకున్న ఒక్క గుణం అదేనన్నట్టు. మళ్లీ రాసి పంపే అవకాశం ఇచ్చారు. ఈసారి పేజీ మధ్యలో నిలువుగా గీత గీయమన్నారు. ఎడమవైపు కంటికి కనిపించింది, చెవికి వినిపించింది. కుడివైపు నాకు అనిపించింది. ఏది ఎటు వెళ్లాలో తేల్చుకోలేకపోతే కుడివైపే.

రెండోసారి వెళ్లి కూర్చున్నాను. మొదటి పది నిమిషాలు ఎడమవైపు రాయడానికి ఏమీ దొరకలేదు, నాకు అనిపించినవన్నీ కుడివైపు వరుస కట్టాయి. తర్వాత మెల్లగా చూపు మారింది. ఎడమవైపు ఇలాంటివి వచ్చాయి: "అరవై దాటినట్టున్న ఒకాయన పది నిమిషాల్లో నాలుగుసార్లు ఎడమ చేతి వాచీ చూశాడు. పక్కనున్న ఆమెతో ఏదో అన్నాడు, మాట వినపడలేదు. ఆమె సంచీ జిప్పు వేసి లేచి నిలబడింది. ఆయన లేవలేదు. ఆమె మళ్లీ కూర్చుని జిప్పు తీసింది." చదవడానికి చప్పగా ఉంటుంది. కానీ ఆ జిప్పు వేసి, తీసిన సంగతి మొదటిసారి నా కంట పడేదే కాదు. విసుగు, చిరాకు అన్న మాటలు దొరకగానే చూడటం ఆపేసేదాన్ని.

ఉద్యోగం చేస్తూ చదివేవాళ్లకి ఒక మాట. 45 నిమిషాలు చూస్తే నోట్సు శుభ్రంగా రాయడానికి మూడు గంటలు పడుతుంది. ఆ రోజే రాయాలి, అదీ ఎవరితోనైనా ఆ సంగతి మాట్లాడకముందే. ఒకసారి నోటితో చెప్పేస్తే చూసింది పోయి, మనం చెప్పిన కథే గుర్తుంటుంది. రెండోసారి ఏడున్నర వచ్చింది.

మాలినోవ్‌స్కీ అనే ఆంత్రోపాలజిస్టు గురించి ఐదో వారంలో చదివాం. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, ఇప్పటి పాపువా న్యూ గినియాలోని ట్రోబ్రియాండ్ దీవుల్లో గుడారం వేసుకుని, అక్కడివాళ్ల మాట నేర్చుకుని, వాళ్ల మధ్యే ఉండి రాసిన మనిషి. కూలా అనే ఇచ్చిపుచ్చుకోవడం గురించి ఆయన 1922లో పుస్తకం వేశాడు. ఎర్ర గవ్వ హారాలు దీవి నుంచి దీవికి ఒక దిక్కుగా, తెల్ల గవ్వ కడియాలు దానికి ఎదురు దిక్కుగా తిరుగుతూనే ఉంటాయి, ఎవరి దగ్గరా శాశ్వతంగా నిలవవు. ఎంత ఓపికగా చూశాడో అనిపిస్తుంది. ఆయన పోయాక పాతికేళ్లకి, 1967లో, ఆయన సొంత డైరీ అచ్చయింది. ఒంటరితనం, అనారోగ్యం, ఆ దీవి జనం మీద చిరాకు, కొన్నిచోట్ల చదవలేనంత చులకన మాటలు అందులో ఉన్నాయి. క్లాసులో చాలామందికి కోపం వచ్చింది, నాకూ వచ్చింది. కానీ నాకు కనిపించింది ఇంకోటి కూడా ఉంది. ఆ డైరీ ఆయన పేజీలో కుడివైపు. ఎడమవైపు రాసింది అచ్చేసి, కుడివైపుది పెట్టెలో దాచాడు. ఆ రెండూ పక్కపక్కన ఉండి ఉంటే ఆ పుస్తకాన్ని నేను ఇంకా ఎక్కువ నమ్మేదాన్ని.

ఫిబ్రవరి నడిమి నుంచి బంధుత్వాల పాఠాలు. అందరూ భయపడే భాగం ఇదే. మగవాళ్లకి త్రికోణం, ఆడవాళ్లకి వృత్తం, పెళ్లికి జంట గీత, చనిపోయినవాళ్ల మీద అడ్డగీత. నాకు మాత్రం ఇక్కడే మొదటిసారి సులువనిపించింది, దానికి కారణం మన భాష. లూయిస్ హెన్రీ మోర్గాన్ అనే అమెరికన్ ఆంత్రోపాలజిస్టు 1871లో వేసిన పెద్ద బంధుత్వ పట్టికల్లో అమెరికాలోని సెనెకా జనం వరసలతో పాటు తమిళ, తెలుగు వరసలు కూడా ఉన్నాయి. సెనెకా జనం తండ్రి అన్నదమ్ములను కూడా తండ్రి అనే పిలుస్తారు, తల్లి సోదరుణ్ణి మాత్రం వేరే మాటతో పిలుస్తారు. క్లాసులో మిగతావాళ్లు దీన్ని బట్టీ పడుతుంటే నేను అలా కూర్చుండిపోయాను. పెదనాన్న, చిన్నాన్న, ఇద్దరిలోనూ నాన్న ఉన్నాడు. పెద్దమ్మ, చిన్నమ్మ, ఇద్దరిలోనూ అమ్మ ఉంది. మేనమామ, మేనత్త విడిగా ఉన్నారు. పుట్టినప్పటినుంచీ నోట్లో నానుతున్న మాటల్లో ఇంత లెక్క ఉందని నాకెప్పుడూ తట్టలేదు.

మా కుటుంబానిదే మూడు తరాల చార్టు గీయాలి, మార్చి 6 లోపు. మా మేనత్తకి ఫోన్ చేసి పేర్లు అడిగాను. తనకి ముగ్గురు అన్నదమ్ములని మొదలుపెట్టింది. నా లెక్కలో మా నాన్నతో కలిపి ఇద్దరే.

"మూడో ఆయన ఎవరత్తయ్యా?"

"ఎవరేంటే? మీ పెదనాన్న."

ఆయన నాకు తెలుసు. పుట్టినప్పటినుంచీ పెదనాన్న అనే పిలుస్తాను. తొమ్మిదేళ్లప్పుడు తాతయ్య వాళ్లింటికి వచ్చి అక్కడే పెరిగాడని, ఏ వైపు నుంచీ రక్తసంబంధం లేదని నాకు ఎప్పుడో తెలుసు. ఇలాంటివాళ్లను చుక్కల గీతతో కలపాలని మా పాఠ్యపుస్తకం చెబుతుంది. అలాగే గీశాను. సరిచూడమని అత్తయ్యకి ఫోటో పంపాను. పది నిమిషాల్లో ఫోన్ వచ్చింది.

"అందరికీ గీతలేసి అన్నయ్యకి చుక్కలేశావేంటే? ఆయన్ని తెచ్చి వాకిట్లో కూర్చోబెట్టినట్టుంది."

అది పుస్తకంలోని గుర్తు అత్తయ్యా, ఎవరినీ తక్కువ చేయడానికి కాదని చెప్పాను. "నీ పుస్తకం రాసినవాళ్లు ఆయనతో ఒక కంచంలో తిన్నారా?" అని పెట్టేసింది. మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

ఆ తర్వాతి క్లాసులో ఇది చెప్పాను. మేడమ్ వెంటనే సమాధానం ఇవ్వలేదు. "చుక్కలు ఎవరి కళ్లతో చూసి వేశారు?" అని అడిగి ఆగారు. తర్వాత డేవిడ్ ష్నైడర్ అనే ఆంత్రోపాలజిస్టు గురించి చెప్పారు. బంధుత్వమంటే అడుగున రక్తమే ఉంటుందన్నది చదువుకునే పరిశోధకులు తమ సంస్కృతి నుంచి మోసుకెళ్లిన నమ్మకమని, అన్నిచోట్లా జనం అలా అనుకుంటారని ఎవరూ నిరూపించలేదని ఆయన 1984లో ఒక పుస్తకమే రాశాడు. దక్షిణ సూడాన్‌లోని న్యూర్ జనం గురించి మేం అప్పటికే చదివి ఉన్నాం. వాళ్లలో చనిపోయిన మగవాడి పేరు మీద అతని బంధువు ఒకామెను పెళ్లి చేసుకుంటాడు, వాళ్లకి పుట్టిన పిల్లలు ఆ చనిపోయినవాడి పిల్లలే అవుతారు. అది చదివినప్పుడు "ఎంత విచిత్రం" అనుకుని ముందుకు వెళ్లిపోయాను. మా ఇంట్లో ఉన్నది నాకు విచిత్రంగా ఎప్పుడూ తోచలేదు, పుస్తకం చెప్పగానే మాత్రం చుక్కలు పెట్టేశాను.

గట్టి గీత వేసి, ఎందుకు వేశానో కింద అత్తయ్య మాటల్లోనే రాసి ఇచ్చాను. ఎనిమిది వచ్చింది. కొత్త చార్టు అత్తయ్యకి పంపితే ఏమీ అనలేదు. కాసేపటికి తన పెళ్లి సంవత్సరం తప్పు పడిందని మాత్రం చెప్పింది.

ఇక ఇంటర్వ్యూ. అన్నిటికంటే ఎక్కువ కాలం పట్టింది ఇదే. ఫిబ్రవరి 20న ప్రతిపాదన పంపాను, అనుమతి మార్చి 3న వచ్చింది. పదకొండు రోజులు. క్లాసు పనికి అనుమతి ఎందుకని మొదట చిరాకు పడ్డాను. నేను మాట్లాడాలనుకున్నది రాత్రి డ్యూటీలు చేసే ఒక నర్సుతో కాబట్టి షరతులు ఎక్కువే పెట్టారు: ఆసుపత్రి పేరు ఉండకూడదు, రోగుల సంగతి ఉండకూడదు, మాటలు డ్యూటీ చోట కాకుండా బయట జరగాలి, ఎప్పుడైనా ఏ భాగాన్నైనా ఆమె వెనక్కి తీసుకోవచ్చు, మార్కులు వచ్చిన 30 రోజుల్లో రికార్డింగ్ తీసేయాలి. ఇవన్నీ సమ్మతి పత్రంలో నేనే టైప్ చేశాను. టైప్ చేస్తున్నప్పుడు వీటిలో ఏదైనా నాకే తగులుతుందని అనుకోలేదు.

మార్చి 15న ఆమె నాతో 52 నిమిషాలు మాట్లాడారు. దాన్ని అక్షరం పొల్లుపోకుండా రాయడానికి నాలుగు రాత్రుల్లో ఏడు గంటలు పట్టింది. నా గొంతు నేను వినడం కష్టంగా ఉంది, ఎన్నిచోట్ల ఆమె మాటకి అడ్డం వెళ్లానో. రాత్రి డ్యూటీలో "ఇవాళ ప్రశాంతంగా ఉంది" అనే మాట ఎవరూ అనరని చెప్పారు. కొత్తగా చేరినవాళ్లు అనబోతే చేత్తో నోరు మూస్తారట. ఆ మాట అన్నారంటే ఆ రాత్రి కేసులు వరస కడతాయట. నేను వెంటనే "మీరు అది నమ్ముతారా?" అని అడిగాను. ఆమె ఆగిపోయారు. రికార్డింగ్‌లో ఆ మౌనం పదకొండు సెకన్లు ఉంది. "నమ్మడమా... ఏమో. అనం అంతే." ఆ ఒక్క ప్రశ్నతో నేను వినడానికి వచ్చిన మనిషిలా కాకుండా తీర్పు చెప్పడానికి వచ్చిన మనిషిలా మారిపోయాను. తేరుకుని, పగటి డ్యూటీలో కూడా అనరా అని అడిగాను. "పగలు అంటాం. పగలు డాక్టర్లందరూ ఉంటారుగా."

ఆ మాట విలువ నాకు అక్కడ తెలియలేదు. మూడో రాత్రి రాస్తుంటే చెయ్యి ఆగింది. మాలినోవ్‌స్కీ సరిగ్గా ఇదే చెప్పాడు. ట్రోబ్రియాండ్ జనం దీవిని ఆనుకుని ఉన్న నిలకడ నీళ్లలో చేపలు పట్టేటప్పుడు మంత్రతంత్రాలు ఏమీ చేయరు, ఆ పని భద్రం, ఫలితం ఖాయం. నడిసముద్రంలోకి వెళ్లేటప్పుడు మాత్రం క్రతువులు లేకుండా కదలరు. పగలు నిలకడ నీళ్లు, రాత్రి నడిసముద్రం. నా రిపోర్టు మొత్తం ఆ ఒక్క వాక్యం మీద నిలబడింది.

మార్చి 19న ఆమె ఫోన్ చేశారు. ఒక రాత్రి గురించి చెప్పినదంతా తీసేయాలన్నారు. పేర్లు లేకపోయినా అది తనదే అని తనకి తెలుసు, అది కాగితం మీద ఉండటం తనకి ఇష్టం లేదు. అది 14 నిమిషాల భాగం, నేను విన్నవాటిలో నన్ను బాగా కదిలించింది. ఎందుకని అడగాలని నోటి దాకా వచ్చింది. అడగకూడదు. సరే సిస్టర్ అన్నాను. ఆ రాత్రే ఆ పేజీలు తీసేశాను, ఏప్రిల్ 10న మిగిలినదే పంపాను. మధ్యలో ఏదో తెగినట్టుందని మార్కుల్లో ఒకటి పోయింది. ఎందుకు తెగిందో మేడమ్‌కి చెప్పలేదు, చెప్పాలంటే ఆ రాత్రి సంగతి కొంతైనా చెప్పాలి.

మొత్తం కలిపితే 160 గంటలు దాటింది. ఆదివారాలు చాలా పోయాయి, నిద్ర పోయింది. తుది గ్రేడు బాగానే వచ్చింది. ఇంట్లోవాళ్లు ఇప్పుడు నీకేం తెలుసని అడిగితే తెగల పేర్లు నాలుగైదు కంటే ఎక్కువ చెప్పలేకపోతున్నాను. గీత ఉన్న నోట్‌బుక్ మాత్రం ఇప్పటికీ సంచీలోనే ఉంటుంది.

జూన్ 3న రికార్డింగ్ తీసేశాను. తీసే ముందు ఒక్కసారి మొదటినుంచి విన్నాను, ఆ పదకొండు సెకన్లతో సహా. తర్వాత ఆమెకి మెసేజ్ పెట్టాను, మాటిచ్చినట్టే తీసేశానని. వెంటనే జవాబు వచ్చింది: "సరే అమ్మా. నైట్ డ్యూటీకి బయల్దేరుతున్నా." ఈ రాత్రి మీకు ప్రశాంతంగా గడవాలి అని టైప్ చేశాను. పంపబోయి ఆగాను, మొత్తం చెరిపేశాను. "సరే సిస్టర్" అని మాత్రం పంపాను.